ఎడమ నుంచి నాలుగో మనిషి

ఫ్రీమాంట్, కాలిఫోర్నియా
30 అక్టోబరు 1982

ఫొటోగ్రాఫర్ యోగానంద్ తాతపూడి గారికి,

నమస్కారం. ఇంటిపేరు చూసి మీరు తెలుగువారే అయి ఉంటారని తెలుగులో రాస్తున్నాను. కాకపోతే ఈ ఉత్తరం మీరు చదవలేరు కాబట్టి నా వల్ల మీకు ఇబ్బందేమీ ఉండదు.

నా పేరు పద్మిని. ఇక్కడి కౌంటీ ఆఫీసులో స్టాటిస్టీషియన్‌ని. మా ఇంటికి నెలనెలా ఒక రగ్బీ పత్రిక వస్తుంది. నాకు రగ్బీ తెలియదు. అది మా వారు శ్యామ్‌సుందర్ గారి పేరు మీద వస్తుంది; ఇదివరకు ఆయన ఆఫీసుకి వచ్చేదట. మేము వర్జీనియా నుంచి ఇల్లు మారినా పోస్టాఫీసు వాళ్లు పట్టువదలకుండా ఇక్కడికి పంపుతున్నారు. ఇన్నాళ్లూ పైకాగితం విప్పకుండానే చెత్తబుట్టలో వేశాను. ఈ నెల వానకి తడిసి కాగితం దానంతటదే ఊడిపోయింది. పదకొండో పేజీలో మీరు తీసిన ఫొటో కనిపించింది.

చారల చొక్కాలు వేసుకున్న మగవాళ్లు ఒక వరసలో నిలబడి, ఆకాశంలోంచి ఏదో పడబోతున్నట్టు చేతులు పైకెత్తి ఉన్నారు. ఎడమ నుంచి నాలుగో మనిషి మాత్రం చేతులెత్తలేదు. పైకి చూడటం లేదు. కెమెరా వైపు చూస్తున్నారు. ఆయన మా వారు.

ఆయన మమ్మల్ని వదిలి వెళ్లి ఈ అక్టోబరుకి రెండేళ్లు. మా దగ్గర ఉన్న ఫొటోలన్నీ పెళ్లిళ్లలో, పుట్టినరోజుల్లో తీసినవి. వాటన్నిట్లోనూ ఆయన ఎప్పుడు ఇంటికి వెళదామా అన్నట్టు ఉంటారు. ఈ ఫొటోలో అలా లేరు. దీన్ని పెద్ద సైజులో ఒక ప్రింటు వేసి పంపగలరా? ఏ ఏడాది తీసిందో కూడా తెలియజేయండి.

ఇట్లు,
పద్మిని

తా.క.: మా అమ్మాయి విద్య చూసి, నాన్నకి పక్కవాళ్లెవరూ చోటివ్వలేదేమిటి, వాళ్ల భుజాలు నాన్న భుజాల్లోంచి వెళ్లినట్టున్నాయి అంది. అచ్చు సరిగ్గా పడలేదని చెప్పాను.


షాంటిలీ, వర్జీనియా
5 నవంబరు 1982

పద్మిని గారికి నమస్కారాలు.

తెలుగువాణ్ణేనండీ! మాది తణుకు. రగ్బీ ఫొటోలు తీస్తున్న ఈ రెండేళ్లలో నాకు తెలుగులో వచ్చిన మొట్టమొదటి ఉత్తరం మీదే. మా ఆవిడ జయంతికి పైకి చదివి వినిపించాను. ఈ ఫొటోలు చూసేవాళ్లు కూడా ఉన్నారా అని ఆశ్చర్యపోయింది.

నా సంగతి చెబుతాను. సోమవారం నుంచి శుక్రవారం దాకా సర్వేయర్ల ఆఫీసులో మ్యాపులు గీస్తాను. శనివారం మధ్యాహ్నం కెమెరా తీసుకుని గ్రౌండ్ అంచున బురదలో మోకాళ్ల మీద కూర్చుంటాను. ఈ ఆటలో ఎవరికీ పైసా రాదు. ఆడేవాళ్లకే రానప్పుడు ఫొటోలు తీసేవాడికి ఎక్కణ్ణుంచి వస్తుంది? ప్లంబర్లు, లాయర్లు, బడిపంతుళ్లు వచ్చి వారానికోసారి ఒకరి మీద ఒకరు పడి, ఆ తర్వాత భుజాల మీద చేతులేసుకుని బారుకి వెళతారు. మా కెప్టెన్ గ్యారీ డెంటిస్టు. ఆట మధ్యలో ఎవరి పన్ను ఊడగొట్టాడో ఆట అయ్యాక వాళ్లకే పన్ను కట్టిస్తాడు. నేను బారులో తాడు కట్టి ప్రింట్లు ఆరేస్తే ఎవరి మొహం వాళ్లు వెతుక్కుని తీసుకుపోతారు.

మీ ఫొటో విషయం. అది పాతది కాదు. ఈ అక్టోబరు తొమ్మిది, శనివారం తీశాను. బంతి గీత దాటి బయటికి పోతే రెండు జట్లూ వరసలు కట్టి నిలబడతాయి, మధ్యలోకి బంతి విసురుతారు. అదే మీరు చూసింది. అయితే ఒక చిక్కుంది. వరసలో ఆరుగుర్నే నిలబెట్టానని గ్యారీ ఒట్టేసి చెబుతున్నాడు. నెగటివ్ చూస్తే ఏడుగురున్నారు. మిగతా తొమ్మిదిమందీ వెనక ఎవరి చోట్లలో వాళ్లున్నారు. జట్టుకి పదిహేను మందే ఉండాలి. నా ఫొటోలో పదహారు మంది!

మీ మనసు నాకు అర్థమైంది. ఇంట్లో చెప్పకుండా ఆటకి వచ్చేవాళ్లని చాలామందిని చూశాను. కానీ ఆట కోసం ఏకంగా ఇల్లే వదిలి వెళ్లినవాణ్ణి చూడలేదు. మీరు దిగులు పడకండి. ఆయన ఈ చుట్టుపక్కల ఉంటే నేను పట్టుకుంటాను. ప్రింటు వేరే కవరులో పంపుతున్నాను.

మీ తమ్ముడిలాంటివాణ్ణి అనుకోండి.
యోగానంద్

తా.క.: పోలీసులకి చెప్పారా?

ఇంకో తా.క.: ఫొటో కాగితం మందునీళ్లలో వేయగానే మామూలుగా నల్లటివి ముందు కనిపిస్తాయి, మొహాలు ఆఖర్న వస్తాయి. ఈ కాగితంలో మీ వారి మొహం అందరికంటే ముందు వచ్చింది. తక్కినవాళ్లు తేలేదాకా కాసేపు ఖాళీ కాగితంలో ఒక్కరే నన్ను చూస్తూ ఉన్నారు. మందు పాతబడి ఉంటుంది.


ఫ్రీమాంట్
12 నవంబరు 1982

యోగానంద్ గారికి,

ప్రింటు అందింది. కృతజ్ఞతలు. దాన్ని ఎక్కడ పెట్టాలో తోచక ముందు బియ్యం డబ్బా మీద పెట్టాను. ఎటు నిలబడి చూసినా నన్నే చూస్తున్నారు. ఇప్పుడు అల్మరాలో ఉంది.

మీరు తేదీ పొరబడ్డారు. అక్టోబరు తొమ్మిదిన ఆయన అక్కడ ఉండే వీలు లేదు. ఎందుకు లేదో కాగితం మీద పెట్టడం నాకింకా చేతకావడం లేదు. దయచేసి నెగటివ్ మరోసారి చూడండి. రెండు మూడేళ్ల కిందటిది అయి ఉంటుంది.

పోలీసులకి నేను చెప్పడమేమిటి, వాళ్లే నాకు ఫోన్ చేసి చెప్పారు. ఆయన్ని సాగనంపడానికి చాలామంది వచ్చారు. ఆఫీసు నుంచి పూలు పంపారు. కొత్త సూటు వేశాం. ఆయనకి టై కట్టుకోవడం ఎప్పుడూ రాలేదు. ఆ రోజూ నేనే కట్టాను.

మీరు అడగలేదు గానీ చెబుతాను. వర్జీనియాలో, ఫెయిర్‌ఫాక్స్‌లో ఉన్నప్పుడు ప్రతి శనివారం లైబ్రరీకని చెప్పి వెళ్లేవారు. మెటలర్జీలో పని చేసే మనిషి, చదువుకోవాల్సింది ఉంటుంది కదా అనుకున్నాను. తిరిగొచ్చేసరికి చెవి వాచి ఉండేది. లైబ్రరీ తలుపు తగిలింది అనేవారు. మోచేయి చెక్కుకుపోయి ఉండేది. అదీ తలుపే. ఏడేళ్లపాటు మా ఆయన్ని ఆ తలుపు కొడుతూనే ఉంది. లైబ్రరీ మీద కేసు వేద్దామని కూడా ఒకసారి అన్నాను. కంగారుపడి, తప్పు నాదే, నేనే తలుపు మీదికి వెళుతున్నాను అన్నారు.

అక్కడ ఆయన్ని ఎరిగినవాళ్లెవరైనా ఉంటే ఒక్క మాట అడిగి పెట్టండి. ఇంట్లో ఎందుకు చెప్పలేదు? నేనేమైనా రాక్షసినా? తెలుసుకుని చేసేదేమీ లేదు. అయినా తెలుసుకోవాలి.

ఇట్లు,
పద్మిని

తా.క.: ఫొటోలో ఆయన కాస్త చిక్కినట్టు మీకూ అనిపించిందా?


షాంటిలీ
21 నవంబరు 1982, ఆదివారం

పద్మిని గారికి,

ముందు శుభవార్త. ఆయన దొరికారు! నిన్ననే మాట్లాడాను. మాట్లాడటమంటే, క్షమించాలి, కాస్త తిట్టాను కూడా.

అన్నీ వరసగా రాస్తాను. తేదీ విషయంలో పొరపాటేమీ లేదు. ఫొటోలో వెనక కనిపిస్తున్న స్కోరుబోర్డు ఈ సెప్టెంబరులో పెట్టింది. అందుకని ప్రింటు తీసుకెళ్లి బారులో గ్యారీ ముందు పెట్టి, "ఈయన ఎవరు?" అన్నాను. అతను చూసి ప్రింటును బోర్లించాడు. దాని మీద గ్లాసు పెట్టాడు.

"వాళ్లావిడ ఉత్తరం రాసింది, గ్యారీ."

"ఆవిడకి ఏం రాస్తావు?" అన్నాడు. "ఆ రోజు మేమే ఆవిడకి ఏమీ చెప్పలేకపోయాం."

"అంటే మీకు కనిపిస్తున్నాడా?"

"అప్పుడప్పుడు. అందరికీ. దాని గురించి మాట్లాడుకోం."

చూశారా? పదిహేను మంది కలిసి ఒక మనిషిని దాస్తున్నారు! అయినా మిమ్మల్ని కూడా ఒక మాట అనాలి. ఇల్లు వదిలి పోయేవాడికి కొత్త సూటు వేసి, పైగా మీ చేత్తో టై కట్టి, పూలిచ్చి సాగనంపడమేమిటండీ? మా ఆవిడ ఈ ముక్క విని ఇప్పటిదాకా తేరుకోలేదు. నేను పోతే సూట్‌కేసు కూడా సర్దిపెట్టనంది.

నిన్న రిచ్‌మండ్ నుంచి ఒక జట్టు మా గ్రౌండ్‌కి వచ్చింది. సన్నటి వాన, గడ్డి మీద పొగమంచు. వాళ్లలో గ్రౌండ్ అంచు వెంట ఆడుతున్న మన రంగు మనిషి ఒకరు కనిపించారు. ఓహో, జట్టు మార్చి తప్పించుకుంటున్నాడన్నమాట అనుకున్నాను. విరామంలో అందరూ నారింజ తొనలు తింటుంటే దగ్గరికి వెళ్లి "తెలుగువారేనా?" అన్నాను. ఆయన ఉలిక్కిపడి, "ఔనయ్యా, మాది తెలుగే" అన్నారు. యాస కొంచెం వింతగా ఉంది.

"కాలిఫోర్నియాలో భార్యని వదిలేసి వచ్చి ఇక్కడ బంతి పట్టుకుని పరిగెడుతున్నారే, మనసెలా ఒప్పింది?" అన్నాను.

తింటున్న తొన చేతిలోంచి జారిపోయింది. "నీకెట్ల తెలుసయ్యా?"

"ఆవిడే ఉత్తరం రాసింది. మీ గురించే ఆలోచిస్తూ కూర్చుంది."

ఆయన తడి గడ్డి మీద కూలబడి రెండు చేతులతో మొహం కప్పుకున్నారు. నాకు జాలేసింది. అటు తిరిగి, కోటు కింద కెమెరా దాచుకుని ఫిల్మ్ మారుస్తూ, మీరడగమన్న మాట అడిగాను. "ఇంట్లో ఎందుకు చెప్పలేదు?"

జవాబు చాలా దగ్గరగా, చెవి పక్కనే వినిపించింది. ఆ ముక్క మాత్రం యాస లేకుండా, శుభ్రమైన మన గోదావరి తెలుగులో అన్నారు. "చెబితే చూడ్డానికి వస్తుంది. చూస్తే భయపడుతుంది. తను భయపడితే నేను ఆడలేను."

తల తిప్పి చూస్తే ఆయన అలాగే మొహం కప్పుకుని కూర్చునే ఉన్నారు. రెండో సగంలో ఒక్క బంతీ పట్టుకోలేదు. ఆట అవగానే బారుకి కూడా రాకుండా వెళ్లిపోయారు. వెళుతూ, "రేపే బయలుదేరతా" అన్నారు.

కాబట్టి పద్మిని గారూ, ఈ ఉత్తరం కంటే ముందు ఆయనే మీ గుమ్మంలో ఉంటారు. ఎక్కువగా తిట్టకండి.

మీ తమ్ముడు,
యోగానంద్

తా.క.: చిక్కారా అని అడిగారు. లేదండీ. భేషుగ్గా ఉన్నారు. పెద్ద మీసాలు పెంచారు.


ఫ్రీమాంట్
27 నవంబరు 1982

యోగానంద్ గారికి,

మీ ఉత్తరం నిలబడి చదివాను. తర్వాత కూర్చుని చదివాను. ఇప్పుడు రాయక తప్పదు.

మా వారు చనిపోయారు. 1980 అక్టోబరు పద్దెనిమిది, శనివారం, మధ్యాహ్నం మూడింటికి, మీరు మోకాళ్ల మీద కూర్చునే ఆ గ్రౌండ్‌లోనే. గుండె ఆగిపోయింది. నలభై మూడేళ్లు. ఈ రెండేళ్లలో "చనిపోయారు" అన్న మాట నేను రాయడం ఇదే మొదటిసారి. రాసి, చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను. చిన్న మాటే.

పోలీసు ఫోన్ చేసి గ్రౌండ్ అడ్రసు చెబితే పొరపాటు పడ్డారు, మా ఆయన లైబ్రరీలో ఉన్నారన్నాను. వెళ్లేసరికి ఆయన్ని గడ్డి మీద పడుకోబెట్టారు. దుప్పటి దొరకలేదేమో, జట్టంతా తమ చొక్కాలు విప్పి ఆయన మీద కప్పారు. ఆ చలిలో అంత పెద్ద మగవాళ్లు ఒట్టి ఒళ్లతో, బురద కాళ్లతో వరసగా నిలబడి ఏడుస్తున్నారు. నాకు వాళ్లను చూస్తే ఒళ్లు మండిపోయింది. ఒక్కరితో మాట్లాడలేదు. వాళ్లు ఆయన్ని నాకంటే బాగా ఎరుగుదురని ఆ నిమిషంలో తెలిసింది.

అందరికీ లైబ్రరీలో పోయారనే చెప్పాను. దహనానికి ఆ జట్టు మొత్తం వస్తే లైబ్రరీ సిబ్బంది అన్నాను. అన్నీ చేయించాను. బూడిద నా చేతులతో నదిలో కలిపాను. కాబట్టి నా గుమ్మంలో ఎవరూ నిలబడలేదు. నిన్న ఎవరో తలుపు తట్టారు, మీ మాట నమ్మి పరిగెత్తాను. పక్కింటావిడ మెంతికూర ఇవ్వడానికి వచ్చింది. నా మొహం చూసి కూర కట్ట చేతిలో పెట్టి వెళ్లిపోయింది.

మా వారు ఏనాడూ మీసాలు పెంచలేదు. మీరు తిట్టింది ఎవర్ని?

కోపంగానే రాస్తున్నాను. కానీ ఒకటి నన్ను పట్టుకుని వదలడం లేదు. ఆ మూడు వాక్యాలు. మెట్టు మెట్టు దిగుతున్నట్టు అలా మూడు ముక్కల్లో చెప్పడం ఆయన పద్ధతి. "కొంటే వాడతాం. వాడితే పాడవుతుంది. పాడయితే నువ్వు బాధపడతావు." ఇలా చెప్పి చెప్పి వాషింగ్ మెషీన్ కొననివ్వలేదు. ఆయనది అమలాపురం. ఆ సంగతి మీకు నేను రాయలేదు.

పద్మిని

తా.క.: "తను" అన్నారని రాశారు. ఆయన నన్ను ఎవరి దగ్గరా పేరు పెట్టి అనేవారు కాదు. "తను" అనే అనేవారు.


షాంటిలీ
8 డిసెంబరు 1982

పద్మిని గారికి,

ఏ మొహం పెట్టుకుని రాయాలో తెలియక వారం ఆగాను. నన్ను క్షమించండి. "వదిలి వెళ్లారు" అంటే నా బుర్రకి ఒక్క అర్థమే తట్టింది. టై గురించి నేను రాసిన వెధవ మాటలు తలుచుకుంటే గోడకి తల కొట్టుకోవాలనిపిస్తోంది. జయంతి ఏడ్చింది. నన్ను రెండు రోజులు పలకరించలేదు.

ముందు మీసాల మనిషి సంగతి తేల్చాను. రిచ్‌మండ్ క్లబ్ వాళ్లనడిగి ఫోన్ నంబరు పట్టాను. ఆయన పేరు దామోదర్. ఫిజీ దీవుల్లో పుట్టారు. తాతగారు చెరుకు తోటల్లో పనికి వెళ్లి అక్కడే ఉండిపోయిన తెలుగువారు. భార్య రాధారాణితో మాటా మాటా పెరిగి, ఆవిణ్ణి మీ ఊరి పక్కనే హేవర్డ్‌లో వదిలేసి నవంబరు ఒకటిన ఇటువైపు వచ్చేశారు. అంటే నా తిట్లన్నీ ఆయనకీ సరిపోయాయి! ఆవిడే నాకు ఉత్తరం రాసిందనుకుని మర్నాడే బస్సెక్కి ఇంటికి వెళ్లారట. ఆవిడ నేనెవరికీ రాయలేదందట. అయినా లోపలికి రానిచ్చిందట. మీ అడ్రసు ఇచ్చాను. భార్యాభర్తలు వచ్చి కనిపిస్తామన్నారు.

ఇక రెండో సంగతి. నవంబరులో వచ్చిన మనిషి అక్టోబరు ఫొటోలో ఉండలేడు కదా. మళ్లీ గ్యారీ దగ్గరికి వెళ్లాను. ఈసారి అన్నీ చెప్పాడు. వరసలో మీ వారు ఆడే చోటును జట్టువాళ్లు ఎవరికీ ఇవ్వకుండా ఏడాది ఆగారట. తర్వాత ఇవ్వక్కర్లేదని తెలిసిందట. అంతకంటే వివరంగా అతను చెప్పలేదు, నేనూ అడగలేదు.

నేను ఈ క్లబ్‌కి ఫొటోలు తీయడం మొదలుపెట్టింది 1981 మార్చిలో. నిన్న సెలవు పెట్టి, పొద్దున్నే కూర్చుని, ఆనాటి నుంచి ఉన్న నెగటివ్‌లన్నీ కిటికీ వెలుగులో పెట్టి భూతద్దంతో చూశాను. ప్రతి రోల్‌లోనూ ఉన్నారు. మొదట్లో గ్రౌండ్ అవతలి చివర గోల్ కర్రల దగ్గర చిన్న చుక్కలా, ఒంటరిగా. ఆ వేసవికి మధ్య గీత దగ్గర. ఈ సెప్టెంబరుకి ఇవతలి సగంలో. అక్టోబరులో మీరు చూసిన వరసలో. నవంబరు ఆరున మరీ దగ్గర, ఫ్రేము అంచున చారల భుజం మాత్రమే పడింది, మసగ్గా. ఆట ఎటు జరుగుతున్నా ఆయన చూపు నా వైపే. ఇన్నాళ్లూ గుర్తించలేదు. బంతి ఎక్కడుందో అక్కడే చూడటం నా పని.

ఇప్పుడు మీకు ఊరట కలిగించే మాట. నవంబరు ఆరు తర్వాత తీసిన వాటిల్లో ఎక్కడా లేరు. దామోదర్ వచ్చిన రోజున, ఆ తర్వాత రెండు శనివారాలు, మూడు రోల్స్ గాలించాను. గ్రౌండంతా వెతికాను. ఖాళీ. వెళ్లిపోయారనే అనుకుంటున్నాను. మీరు మనశ్శాంతిగా ఉండండి. నేనూ ఉంటాను.

భక్తితో,
యోగానంద్

తా.క.: మా స్నానాలగదే నా డార్క్‌రూమ్. నిన్నటి నుంచి నేను తలుపు తీసిపెట్టుకుని స్నానం చేస్తున్నాను. జయంతి ఆక్షేపిస్తోంది.

ఇంకో తా.క.: ఆ మూడు వాక్యాల సంగతి దామోదర్‌ని అడగడం మరిచాను. ఆయన వచ్చినప్పుడు మీరే అడగండి. నాకు కుదరదు, ఎడమ భుజం బిగుసుకుపోయి ఫోన్ ఎత్తలేకపోతున్నాను. గ్రౌండ్‌కి వెళ్లినప్పుడల్లా ఆ ఒక్క వైపే చలి వేస్తోంది. డాక్టరు కండరం పట్టేసిందన్నాడు.


ఫ్రీమాంట్
10 జనవరి 1983

చిరంజీవి యోగానంద్‌కి,

తమ్ముడిలాంటివాణ్ణన్నావు కాబట్టి ఇక "గారు" తీసేస్తున్నాను. క్షమాపణలు చాలు. నువ్వు తప్పుగా చదవకపోయి ఉంటే నేను ఆ మాట ఇప్పటికీ రాసి ఉండేదాన్ని కాదు.

నిన్న మధ్యాహ్నం దామోదర్, రాధారాణి వచ్చారు. ఆయన ఆరడుగుల పైన ఉన్నారు. మా వారికీ ఆయనకీ పోలికే లేదు. ఇద్దరూ సోఫాలో చెరో చివర కూర్చున్నారు గానీ ఒకే గ్లాసులో మంచినీళ్లు తాగారు. నేను పులిహోర పెట్టాను. కాస్త కుదురుకున్నాక ఆ మూడు వాక్యాల గురించి అడిగాను.

"నేను అనలేదమ్మా" అన్నారు దామోదర్. "నేను ఏడుస్తా ఉన్నాను. ఆ ఫొటో అయ్య అటు తిరిగి అడిగినాడు. నన్ను కాదు, పక్కనున్న ఇంకో అయ్యని అడిగినాడనుకున్నా. జవాబు ఆ అయ్యే చెప్పినాడు."

"ఇంకో అయ్య ఎవరు?"

"ఇద్దరు గదమ్మా ఉన్నది? ఫొటో అయ్య, ఆయన ఎడమ పక్కన ఇంకో అయ్య. ఆట మొదలైన కాడి నుంచి అట్లే నిలబడి ఉన్నాడు, ఆయన భుజం మీద చెయ్యేసి. బంతి ఎక్కడ పడబోతుందో చెవిలో చెబుతా ఉన్నాడు. నన్ను తిడుతుంటే ఊరకే నవ్వినాడు. అంత వానలో ఆ అయ్య తడవలేదే అనుకున్నా."

నేను ఆల్బమ్ తెచ్చి ఏమీ చెప్పకుండా ఒళ్లో పెట్టాను. నలభై మంది ఉన్న పెళ్లి ఫొటో మీద వేలు పెట్టడానికి ఆయనకి ఒక్క క్షణం పట్టింది. "ఈ అయ్యే" అన్నారు. రాధారాణి భర్త పక్కకి జరిగి కూర్చుంది.

కాబట్టి నాయనా, ఆయన నీ ఫొటోల్లో ఎందుకు లేరో తెలిసింది కదా. కెమెరా వెనకున్నవాళ్లు ఫొటోలో పడరు. ఆ రెండేళ్లూ నడిచి నడిచి వచ్చింది నీ పక్కకి. మంచి చోటు చూసుకున్నారు. అక్కణ్ణుంచి ఆట బాగా కనిపిస్తుంది కాబోలు.

నాకు భయం వేయాలి. వేయలేదు. ముందు ఒళ్లు మండింది. నేను ఇక్కడ రెండేళ్లు ఆ ఒక్క మాట నోటికి రాక నలిగిపోతుంటే, ఆయన అక్కడ నిలబడి నవ్వుతున్నారా అని. వాళ్లు వెళ్లాక వంటింట్లో గిన్నెలన్నీ చప్పుడయ్యేలా కడిగాను. కడుగుతుండగా, ఆయన్ని నవ్వుతుండగా చూసినవాడు ఒకడు ఇప్పుడే మా సోఫాలో కూర్చుని వెళ్లాడని తట్టింది. అప్పుడు ఏడ్చాను. చాలా రోజులకి బాగా ఏడ్చాను.

సాయంత్రం మా అన్నయ్యని, వదినని పిలిచి చెప్పేశాను. ఆయన లైబ్రరీలో పోలేదు, రగ్బీ ఆడుతూ పోయారు అని. అన్నయ్య అటూ ఇటూ చూసి, "మాకు అప్పుడే తెలుసమ్మా" అన్నాడు. ఎలా తెలుసన్నాను. "చెవులు వాచిన లైబ్రేరియన్లు పదిహేను మంది ఒకేసారి వస్తే తెలియదా?" అన్నాడు. ఇన్నాళ్లూ నా కోసం అందరూ నమ్మినట్టు నటించారట.

గ్యారీ గారికి విడిగా ఉత్తరం రాశాను. ఆ రోజు కప్పిన చొక్కాలకి కృతజ్ఞతలు చెప్పాను. రెండేళ్లు ఆలస్యమైందని కూడా రాశాను.

నువ్వు భయపడి ఫొటోలు మానేయకు. ఆయన ఎవరికీ హాని చేసే మనిషి కాదు. బల్లిని కూడా అట్టముక్క మీద ఎక్కించి బయట వదిలేవారు. భుజానికి కొబ్బరినూనె వెచ్చజేసి రాయించుకో. అప్పటికీ తగ్గకపోతే ఎడమ పక్కన కాస్త చోటు వదిలి కూర్చో.

ఆశీస్సులతో,
పద్మినక్క

తా.క.: మా విద్య కాలేజీలో ఆడపిల్లల రగ్బీ జట్టులో చేరింది. నన్ను అడగలేదు, చెప్పింది. వచ్చే నెలలో మొదటి మ్యాచ్. చూడ్డానికి వస్తానన్నాను. భయపడతానని కూడా చెప్పాను. "భయపడుతూ చూడు, నాకేం ఫర్వాలేదు" అంది. ఆయనకి ఈ సంగతి తెలియదు. శనివారం గ్రౌండ్‌కి వెళ్లినప్పుడు ఈ తా.క. ఒక్కటీ పైకి చదువు. గట్టిగా అక్కర్లేదు, ఎడమ వైపు తిరిగి మామూలుగా చదివితే చాలు.